ఆ పాట రికార్డు కాలేదు

టేపుల పెట్టె మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చింది. పంపించింది బండన్న. ఎప్పుడో ఆగిపోయిన ఒక నలుగురి బ్యాండులో బేసు గిటారు వాయించిన పెద్దాయన. మనిషి బండరాయిలా కదలకుండా నిలబడి వాయిస్తాడని కుర్రతనంలో పెట్టిన పేరు, మనవలు పుట్టే వయసొచ్చినా వదల్లేదు. పెట్టె మూలమూలనా అంటించే టేపు చుట్టి, పైన 'జాగ్రత్త' అని ఎర్రసిరాతో రాశాడు. బండన్న ఏ పని చేసినా అంతే, అతి శుభ్రం.

పెట్టె విప్పుతున్న మనిషిని అందరూ చెల్లి అంటారు. బ్యాండులో డ్రమ్ములు వాయించినవాడికి సొంత చెల్లెలు కాబట్టి మిగతా ముగ్గురికీ చెల్లి అయింది. ఆ తర్వాత వాళ్ల పెళ్లాలకీ, స్నేహితులకీ, ఆఖరికి వీధి చివర టీ కొట్టు ఆయనకీ చెల్లే అయింది. చెంపలు నెరుస్తున్నా చెల్లే. పాత రికార్డింగులు బాగుచేయడం ఆవిడ పని. పాత గోడౌను మేడ మీద ఆవిడకి కిటికీల్లేని స్టూడియో ఒకటి ఉంది. తలుపు వేసుకుంటే పగలో రాత్రో తెలియదు, వీధి చప్పుడు వినిపించదు.

ఇప్పుడు చేతిలో ఉన్న పని ఆ బ్యాండుదే. ఎక్కడా విడుదల కాని పాటలు, సగంలో వదిలేసినవి, స్టేజి మీద వాయించినవి అన్నీ ఏరి ఒక సంకలనం వేస్తున్నారు. ముసలి అభిమానులు ఇప్పటినుంచే ఉత్తరాలు రాసి చంపుతున్నారు. వాళ్లందరికీ కావలసింది ఒక్కటే, 'ఆ పాట'. ఆఖరి కచేరీ రోజు మధ్యాహ్నం, మైకులు సరిచూసుకుంటున్నప్పుడు వాయించారట. హాలు ఊడ్చేవాళ్లు, లైట్లు కట్టేవాళ్లు విన్నారు. వాళ్లు చెప్పగా చెప్పగా అది ఒక కథైపోయింది.

చెల్లికి మాత్రం అది కథ కాదు. అన్నయ్య బతుకు మొత్తమ్మీద కట్టిన పాట అదొక్కటే. ఆ సాయంత్రమే, కచేరీ మొదలవకముందే, హాల్లో లైట్లు తగిలించే ఎత్తైన ఇనప వంతెన మీంచి పడి చనిపోయాడు. ఆవిడ ఆ రోజు జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. పాట వినలేదు. అన్నయ్యనీ మళ్లీ చూడలేదు.

"ఆ పాట రికార్డు కాలేదమ్మా" అంటారు ముగ్గురూ. ఎప్పుడడిగినా అదే మాట. ఇంకో మాట కూడా ఉంది, అన్నయ్య గురించి. "కాలు జారింది. మేం చూస్తుండగానే జారింది. చెయ్యందించేలోపే అయిపోయింది." పాడేవాడు ఇదే చెప్పాడు, గిటారు వాయించేవాడు ఇదే చెప్పాడు, బండన్నా ఇదే చెప్పాడు. పోలీసులకీ ఇదే, అమ్మకీ ఇదే. ఒక అక్షరం ఎక్కువ లేదు, ఒక అక్షరం తక్కువ లేదు. ముగ్గురు మనుషులు ఒక ఘోరం చూసి ముగ్గురూ చిలకల్లా ఒకే పలుకు పలుకుతారా? సంతకి వెళ్లొచ్చిన ముగ్గుర్ని ధరలడిగితేనే మూడు రకాలుగా చెబుతారే!

ఆ అనుమానం చెల్లి కడుపులో చాలా ఏళ్లుగా ఉంది. వాళ్లే ఆవిడని చదివించారు. స్టూడియో పెట్టించారు. అమ్మ మంచాన పడితే వంతులవారీగా వచ్చి కూర్చున్నారు. వాళ్ల ఇళ్లల్లో తిన్న ప్రతి ముద్దకీ ఆవిడకి అదే ప్రశ్న. ఇంత మంచితనం దేనికి? దేన్ని కప్పిపెట్టడానికి?

పెట్టెలో టేపులన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. అడుగున, వార్తాపత్రికలో చుట్టి, నల్లడబ్బాలో ఒక రీలు. పైన రాత ఎవరో సిరాతో కొట్టేశారు. డబ్బా మూత లోపలివైపు కొట్టేయడం మర్చిపోయినట్టున్నారు. ఏటవాలుగా, కాకిగీతల్లా... అన్నయ్య రాత. 'సౌండ్‌చెక్' అని, కింద ఆ రోజు తారీఖు.

చెల్లి ఫోను తీసి బండన్నకి చేసింది.

"అన్నా, పెట్టె అందింది. అడుగున నల్లడబ్బా ఒకటుంది..."

"ఏ నల్లడబ్బా?" అన్నాడు బండన్న. "అది... అది నీకెలా వచ్చింది? నేను వేరే పెట్టానే... ఇల్లు మారేటప్పుడు కలిసిపోయిందా? అమ్మాయ్, దాన్ని వెయ్యకు. వెయ్యకేం. మేం వస్తున్నాం."

"మేం అంటే ఎవరన్నా?"

ఫోను పెట్టేశాడు. 'మేం' అన్నాడు. ఒక్కడు కాదు, ముగ్గురూ. చెల్లి లేచి వెళ్లి తలుపుకి లోపలినుంచి గడియ పెట్టింది. ఫోను టేబులు మీద మోగింది. పాడేవాడి నంబరు. ఎత్తలేదు.

రీలు మిషనుకి ఎక్కిస్తుంటే ఇంకో సంగతి కనిపించింది. టేపుని వెనక్కి తిప్పి, పాట మొదలు పైకొచ్చేలా నున్నగా చుట్టేశారు. ఇది బండన్న శుభ్రమే, సందేహం లేదు. టేపులు దాచేవాళ్లు ఎవరూ చెయ్యకూడని పని ఇది. చుట్టిన టేపులో ఒక పొరమీది శబ్దం పక్క పొరకి కొద్దికొద్దిగా అంటుకుంటుంది. వెనక్కి తిప్పకుండా దాస్తే ఆ అంటు పాట వెనకాల పడి, పాటలోనే కలిసిపోతుంది. తిప్పి దాస్తే మాత్రం ముందుకొస్తుంది. మాట రాకముందే మాట నీడ సన్నగా వినిపిస్తుంది. భయపడాల్సిందేమీ లేదు. పాత టేపుల్లో మామూలే. చెల్లి ఇలాంటివి వందలు తుడిచింది.

మీట నొక్కింది.

ముందు బుసబుసమని టేపు శబ్దం. కుర్చీ జరిపిన చప్పుడు. ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు సన్నగా ఒక దగ్గు, ఆ వెంటనే గట్టిగా అదే దగ్గు. అన్నయ్య దగ్గు. చెల్లి రెండు చేతులతో నోరు మూసుకుంది. డ్రమ్ము పుల్లలు టకటకమన్నాయి, పాట మొదలైంది. పాడుతున్నది పాడేవాడు కాదు. అన్నయ్యే! డ్రమ్ములు వాయిస్తూ, ఆయాసపడుతూ, శ్రుతి అక్కడక్కడ తప్పుతూ పాడుతున్నాడు. జ్వరమొచ్చి పడుకున్న చెల్లెలికి దుప్పటి కప్పి గుమ్మం దాటే అన్న గురించి పాట. చెల్లి బావురుమంది. ఇన్నాళ్లు ఇది దాచారా? తన పాటని తనకి కాకుండా చేశారా? దుఃఖం వెనకాలే కోపం వచ్చింది.

పాట అయిపోయింది. టేపు ఇంకా తిరుగుతోంది. బుస తప్ప ఏమీ లేదు.

స్పీకర్లోంచి సన్నగా ఫోను మోగింది.

ఒక్క క్షణం. టేబులు మీద ఆవిడ ఫోను మోగింది.

అదే మోత. పోయిన నెల మనసుపడి పెట్టుకున్న మోత. ఆ టేపు రికార్డు చేసిన రోజుకి ఇలాంటి ఫోన్లే లేవు... చెల్లి ఫోనుకేసి చూసింది, మిషనుకేసి చూసింది. యాదృచ్ఛికం అనుకోబోయింది. మెడ వెనక వెంట్రుకలు ఒప్పుకోలేదు.

స్పీకర్లో సన్నగా తలుపు చప్పుడు. టక్... టక్... టక్.

తలుపు చప్పుడైంది.

స్పీకర్లో గుసగుస. "చెల్లీ... తలుపు తియ్యి..."

"చెల్లీ! తలుపు తియ్యి!" పాడేవాడు. బయటినుంచి. అతన్ని ఉరుము అంటారు. మైకు లేకుండా హాలు చివరిదాకా వినిపించే గొంతు. మందపాటి తలుపులోంచి కూడా వచ్చింది. తలుపు కింది సందులోంచి ఇంకా ఇద్దరి ఆయాసం. మెట్లు పరుగున ఎక్కి వచ్చినట్టున్నారు.

గదిలో ఏదో కాలుతున్న వాసన, మిషను వేడెక్కినప్పుడు వచ్చేలాంటిది. ముట్టుకుంటే మిషను చల్లగా ఉంది. మంచులా... చెయ్యి వెనక్కి లాక్కుంది.

టేపు తిరుగుతోంది.

ఈసారి మూడు గొంతులు. చాలా సన్నగా, చీమ నడిచినట్టు. చెల్లి చెవి స్పీకరుకి ఆనించింది. ఉరుము. తీగన్న, అంటే గిటారు వాయించేవాడు. బండన్న. ముగ్గురూ కలిసి, పాఠం అప్పజెబుతున్నట్టు...

"చెల్లి కాలు జారింది. మేం చూస్తుండగానే జారింది. చెయ్యందించేలోపే అయిపోయింది."

ఇన్నేళ్ల అనుమానం నిజమైంది. నిజమైతే ఊరటగా ఉంటుందనుకుంది, లేదు. అన్నయ్యని వీళ్లే చంపేశారు. ఇప్పుడు తన వంతు. ఏం చెప్పాలో కూడా కూడబలుక్కునే వచ్చారు.

తలుపు దడదడలాడింది. "చెల్లీ, దాన్ని ఆపు! వినకు!" అని బండన్న అరుస్తున్నాడు. వినకుండా ఎందుకుంటాను, విన్నానుగా, అనుకుంది చెల్లి. గడియ పిడి మేకు ఒకటి ఊడిపోయింది.

గదికి వెనకాల ఇంకో తలుపుంది. సామాన్లు అడ్డం పెట్టి ఏళ్లైంది. వాటిని తోసేసింది, చేతికందినవి విసిరేసింది, గడియ లాగింది. మధ్యాహ్నపు ఎండ ఒక్కసారిగా ముఖాన కొట్టింది. బయట గోడనంటుకుని ఇనప మెట్లు, కింద సందు దాకా. నిప్పంటుకుంటే దిగడానికి ఎవరో ఏ కాలంలోనో కట్టినవి. కంచె ఒకవైపు ఊడి వేలాడుతోంది. చెల్లి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

మెట్టు మూలిగింది. తుప్పు రేకులు రేకులుగా రాలి, కింద సందులోకి మెల్లగా తేలుకుంటూ పోయాయి. మెట్టు ఒకవైపు గోడలోంచి ఊడివచ్చింది. చెల్లి తలుపు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"వెనక తలుపు తీశావా?" ముందు తలుపు బయటినుంచి ఉరుము గొంతు. ఇప్పుడు అరవడం లేదు. ఏడుస్తున్నాడు. "తల్లీ, అటు దిగకు. మేం రాం. నీ మీద ఒట్టు, తలుపు ముట్టుకోం. ఇదిగో, కూర్చున్నాం. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. నువ్వు మాత్రం అటు దిగకు. వాడూ ఇలాగే చేశాడు..."

"అన్నయ్య ఏం చేశాడు?" చెల్లికి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"పాట ఎలా వచ్చిందో చూద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. వింటూ వింటూ తలెత్తి మమ్మల్ని చూశాడు. ఆ చూపు..." ఉరుము ఆగిపోయాడు.

తీగన్న అందుకున్నాడు. అతను మామూలుగా రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడడు. "మమ్మల్ని చూసి వెనక్కి నడిచాడు. ఏంట్రా అంటే మాట్లాడడు. మేం ఒకడుగు వేస్తే వాడు రెండడుగులు. అలా వంతెన ఎక్కేశాడు. దిగరా అని వెనకాలే ఎక్కాం. ఎక్కకుండా ఉండాల్సింది. మమ్మల్ని చూస్తూ, మమ్మల్నే చూస్తూ... వెనక్కి..."

"మరి ఆ మాటలు?" అంది చెల్లి. "అందరూ ఒకే మాట చెప్పారే!"

"డాక్టరు ఏం జరిగిందని అడిగాడు" అన్నాడు ఉరుము. "నోరు తెరిస్తే ముగ్గురికీ అవే మాటలొచ్చాయి. వాడు విన్నదేంటో తెలుసుకుందామని మర్నాడు టేపు వేశాం. మా గొంతులే. మేం ఇంకా చెప్పని మాటలు, మా గొంతులతో. అప్పట్నుంచి ఇంకోలా చెబుదామన్నా రావడం లేదమ్మా. నిన్ను చూసినప్పుడల్లా నిజం చెప్పాలని నోరు తెరుస్తాను, అవే వస్తాయి. నువ్వూ ఆ టేపు విన్నాకే, ఇవాళ మొదటిసారి వేరే మాట వస్తోంది."

"కాల్చేయకపోయారా దాన్ని?"

బండన్న ముక్కు చీదాడు. "వాడి గొంతు అందులో తప్ప ఇంకెక్కడుంది? ఎలా కాలుస్తాం?"

చెల్లి చట్రాన్ని పట్టుకునే ఆలోచించింది. ఇదంతా అబద్ధమైతే? తలుపు తీయించడానికి అల్లిన కథైతే? అంత నమ్మించగలవాళ్లు కాబట్టే ఇన్నేళ్లు నిలబడిందేమో! కింద సందులో తుప్పు పొడి ఎండకి మెరుస్తోంది. అమ్మ మంచం పక్కన కూర్చుని, బత్తాయి తొనలు వలిచి, గింజలు తీసి పెట్టే బండన్న వేళ్లు గుర్తొచ్చాయి. లావుపాటి వేళ్లు. ఒక్క గింజ కూడా వదిలేవాడు కాదు. నటించేవాడికి అంత ఓపిక ఉంటుందా?

ఉంటుందేమో. కానీ అన్నయ్య ఈ ప్రశ్నకి ఉంటుందనే జవాబు చెప్పుకుని వెనక్కి నడిచాడు.

చెల్లి కాలు లోపలికి లాక్కుంది. వెనక తలుపు వేసి గడియ పెట్టింది. గది దాటి వెళ్లి, ముందు తలుపు తీసింది.

నిజంగానే నేల మీద కూర్చుని ఉన్నారు. ముగ్గురు ముసలాళ్లు. మెట్లెక్కిన ఆయాసానికి ఉరుము చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. చెల్లిని చూడగానే బండన్న రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆవిడ కూడా వాళ్ల ముందు చతికిలబడి భోరుమంది. ఎంత ఏడ్చిందో! పాటకి, అన్నయ్యకి, వీళ్లని అనుమానిస్తూ తిన్న అన్నాలకి, అన్నిటికీ కలిపి ఏడ్చింది.

"జరగలేదు చూశారా!" అన్నాడు బండన్న కళ్లు తుడుచుకుంటూ. "చెల్లి జారలేదు. అది చెప్పింది జరగలేదు!"

నవ్వొచ్చింది అందరికీ. లోపలికొచ్చి తలో కుర్చీలో పడ్డారు. ఉరుము సీసా ఎత్తి నీళ్లు గటగటా తాగాడు. సంకలనంలో ఆ పాటే మొదట రావాలని తీగన్న, కాదు ఆఖర్న రావాలని బండన్న, అప్పుడే కీచులాట మొదలుపెట్టేశారు. చెల్లికి ఆ ముగ్గురి మీదా ఇన్నాళ్లూ దాచుకున్న ప్రేమంతా ఒక్కసారే పొంగుకొచ్చింది. మిషనుకేసి నడిచింది. టేపు ఎప్పుడో అయిపోయింది. నిండిన రీలు తిరుగుతుంటే, ఊడిన చివర టపటపా కొట్టుకుంటోంది. మీట నొక్కి ఆపింది. రీళ్లు రెండూ నిలిచిపోయాయి.

స్పీకర్లోంచి బుస మాత్రం ఆగలేదు.

నలుగురూ స్పీకరుకేసి చూశారు. చెల్లి వంగి, మిషను తీగని గోడలోంచి పీకేసింది. బుస అలాగే ఉంది.

అప్పుడు గొంతులు వచ్చాయి. సన్నగా... మూడు.

"...కాలు జారింది. మేం చూస్తుండగానే జారింది. చెయ్యందించేలోపే..."

తీగన్న గొంతు. బండన్న గొంతు. మూడోది ఆడగొంతు, జీరబోయి, ఏడ్చి ఏడ్చి అరిగిపోయి. చెల్లి తన గొంతుని పోల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. ఉరుము గొంతు అందులో లేదు.

ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ముందుగా తలెత్తింది ఉరుమే. తీగన్నని చూశాడు. బండన్నని చూశాడు. చెల్లిని అందరికంటే ఎక్కువసేపు చూశాడు. అంతదాకా ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు, ఇప్పుడు ఎవరివో అయిపోయాయి. నీళ్ల సీసా మెల్లగా కింద పెట్టాడు.

"ఉరుమన్నా..." అంది చెల్లి.

అతను లేచాడు. ఒకడుగు వెనక్కి వేశాడు.

"నేనే కదన్నా. చెల్లిని..."

"దగ్గరికి రాకు" అన్నాడు. ఉరుములాంటి గొంతు గుసగుసగా మారింది. ఇంకో అడుగు.

బండన్న లేవబోయాడు. తీగన్న అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. వెంటపడితే తరిమినట్టవుతుంది. పడకపోతే వదిలేసినట్టవుతుంది. ఏది చెయ్యాలో తెలియక ముగ్గురూ అలాగే ఉండిపోయారు. ఉరుము వాళ్ల మీంచి చూపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం దాటాడు. తలుపు పక్కకి తప్పుకుని కనుమరుగయ్యాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. తొందర లేదు. ఒక్కొక్కటే. ముందు వాళ్ల తలల ఎత్తున వినిపించింది. ఆ తర్వాత తలలపైన. ఆ తర్వాత ఇంకా పైన... దూరమవుతూ... పైకే వెళ్తోంది.

ఆ మేడకి మెట్లు ఆ గుమ్మం దగ్గరితోనే అయిపోతాయి.